ఏరు గాలించి పెట్టిన రాళ్లు: కంకర దిబ్బల్లో రంగురాళ్లనూ శిలాజాలనూ వెతకడం

కంకర దిబ్బ మీద కొత్తగా దిగినవాళ్లు దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. తల వంచుకుని నీళ్ల అంచు వెంట నడుస్తూ, కంటికి నదరుగా కనిపించిన రాయినల్లా సంచిలో వేసుకుంటారు. రెండు గంటల్లో సంచి మోయలేనంత అవుతుంది. తీరా ఆరబెట్టి చూస్తే చాలా రాళ్లు వెలవెలబోతాయి. రాయి తడిగా ఉన్నప్పుడు నీటి పొర పైభాగంలోని సన్నని గుంటల్ని పూడ్చి వెలుగు చెదరకుండా చూస్తుంది, అందుకే రంగు చిక్కగా కనబడుతుంది. ఆరగానే గరుకంతా తెల్లగా పైకి తేలుతుంది.

అది చిన్న మోసం. అంతకంటే పెద్దది, దిబ్బ మీద రాళ్లు ఎలా పడితే అలా పడి ఉన్నాయనుకోవడం. అక్కడున్న ప్రతి రాయినీ ఏరు ఒక లెక్క ప్రకారం దింపింది. పరిమాణం, సాంద్రత, ఆకారం, గట్టిదనం, ఈ నాలుగే ఆ లెక్కలోవి. వస్తువు వయసు ఎంత, అది ఎక్కడ పుట్టింది, దాని పక్కన మొదట ఏముండేది అన్నవి ఏటికి పట్టవు. లెక్కలో ఉన్నవాటిని బట్టి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. లెక్కలో లేనివాటిని మరిచిపోతే, దొరికినదాని గురించి తప్పు మాట చెప్పేస్తాం. ఈ రెండూ వేర్వేరు పనులు. చాలామంది మొదటిది నేర్చుకుని ఆగిపోతారు.

నీళ్లు ఎక్కడ దింపుతాయి

ముందు కొలతలు. భూగర్భ శాస్త్రంలో 2 మిల్లీమీటర్లు దాటిన రేణువులన్నీ కంకర కిందికే వస్తాయి. 4 నుంచి 64 మి.మీ. దాకా గులకరాయి, ఆపైన 256 మి.మీ. దాకా గుండ్రాయి, అదీ దాటితే బండ.

మామూలు రోజుల్లో కంకర కదలదు. ఏడాదిలో వరద వచ్చే ఆ కొద్ది రోజుల్లోనే దాని ప్రయాణమంతా. వరద తీసేటప్పుడు ఉరవడి తగ్గుతూ వస్తుంది, దాంతోపాటే ముందు పెద్దవీ బరువైనవీ, తర్వాత చిన్నవీ తేలికవీ దిగుతాయి. వంపు తిరిగే చోట బయటి ఒడ్డును నీరు కోస్తుంది, లోపలి ఒడ్డున మేట వేస్తుంది. ఆ మేటకు ఎగువ కొసన ముతక కంకర, దిగువ కొసకు పోయేకొద్దీ సన్నకంకర, చివరికి ఇసుక, బురద. కాబట్టి బరువైన పళ్లు, ఎముక ముక్కలు, రత్నపు రాళ్లు కావాలంటే మేట తల దగ్గర మొదలుపెట్టాలి. మెత్తని ఇసుక మీద నడక హాయిగా ఉంటుంది, దొరికేది మాత్రం తక్కువ.

మేట తల దగ్గర కూర్చుని ఒక చదరపు అడుగును నిదానంగా చూడండి. బల్లపరుపు రాళ్లు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి, వాటి వాలు ఎప్పుడూ ఎగువ వైపుకే. ఆ వరసను ఇంకొక వరద కదపలేదంటే అక్కడి సరుకు చెదరలేదన్నమాట. ఇప్పుడు పైనున్న ముతక రాళ్లను చేత్తో తొలగించండి. ఒక రాయి మందం కిందే సన్నకంకరా ఇసుకా కలిసిన మరో పొర కనబడుతుంది. పైపొర కవచం లాంటిది. సన్నవి సందుల్లోంచి కిందికి జారిపోగా, పైన మిగిలిన సన్నవి కొట్టుకుపోగా, పెద్దవే పైన నిలిచాయి. పైపైన ఏరుకుంటూ పోయేవాళ్లకు పెద్ద అగేట్లు (వెలుగు దూరే సిలికా రంగురాళ్లు) దొరుకుతాయి గాని, చిన్న పళ్లూ చిన్న గార్నెట్లూ (బరువైన ఎర్రని రత్నపు రాళ్లు) ఈ కవచం కిందే దాగి ఉంటాయి.

సాంద్రత పాత్ర ఎంతో చిన్న లెక్కతో చూడొచ్చు. నీటి సాంద్రతను 1 అనుకుంటే పలుగురాయిది 2.65. నీళ్లలో మునిగితే నీరు దాన్ని 1 మేరకు ఎత్తి పట్టుకుంటుంది, మిగిలేది 1.65. గార్నెట్ సాంద్రతను 4 అనుకుంటే నీళ్లలో మిగిలేది 3. అంటే నీళ్లలో గార్నెట్ పలుగురాయి కంటే సుమారు 1.8 రెట్లు బరువైనట్టు ప్రవర్తిస్తుంది. కంకర సైజు రాళ్లలో 3 మి.మీ. గార్నెట్, 5.5 మి.మీ. పలుగురాయి దాదాపు ఒకే వేగంతో మునుగుతాయి, కాబట్టి ఒకే చోట దిగుతాయి. చిన్న బరువైనదాన్ని వెతకాలంటే దానికంటే పెద్ద తేలిక రాళ్లు ఉన్నచోట చూడాలని దీని అర్థం. ఈ 1.8 అన్న అంకెను గుర్తుంచుకోండి, జల్లెడ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇక బరువైనవి చిక్కుకునే చోట్లు. అడుగు బండలో, అంటే ఏటి కింద పరుచుకున్న రాతి నేలలో, ప్రవాహానికి అడ్డంగా ఉన్న పగుళ్లు, పెద్ద బండకు దిగువన నీరు మెల్లబడే నీడ, సుడి తొలిచిన గుండాలు, రెండు పాయలు కలిసే చోట దిగువ మేట. ప్రవాహం వెంట నిలువుగా సాగే పగుళ్లు చూడ్డానికి ఆశపెడతాయి గాని, నీరు వాటిని చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చేస్తుంది. గట్టి బంకమన్ను పొర ఉంటే అదే అడుగు బండలా పనిచేస్తుంది. కంకర దాని మీదే ఆగుతుంది, బరువైనవన్నీ ఆ రెండిటి మధ్య గీతలో చేరతాయి.

అరగదీసి మిగిల్చినవి

దింపడం ఒక వడపోత అయితే అరుగుదల మరొకటి. దిగువకు పోయేకొద్దీ గులకరాళ్ల సైజు ఒక క్రమంలో తగ్గుతుందని 1875లో స్టెర్న్‌బర్గ్ అనే జర్మన్ ఇంజినీరు రైన్ నదిని చూసి సూత్రం కట్టాడు. మెత్తని రాళ్లు పగిలి అరిగి బురదలో కలుస్తాయి. పలుగురాయి, చెకుముకి రాయి, క్వార్ట్‌జైట్, జాస్పర్, అగేట్ నిలుస్తాయి. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చూపే మోస్ కొలతలో గోరు 2.5, గాజు దాదాపు 5.5, అగేట్ 6.5 నుంచి 7. కాల్సైట్ 3 మాత్రమే, కాబట్టి సున్నపురాయి ఎక్కువ దూరం బతకదు. దిబ్బ మీద మూలలు అరగని సున్నపురాయి ముక్కలు కనిపిస్తే వాటి పుట్టిల్లు దగ్గరలోనే ఉంది.

అగేట్లు ఏ నదిలో ఉంటాయో ఈ సంగతే చెబుతుంది. లావా చల్లారేటప్పుడు మిగిలిన గాలి బుడగల్లో సిలికా పొరలు పొరలుగా పేరుకుని అగేట్ అవుతుంది. చుట్టూ ఉన్న బసాల్ట్ వాతావరణానికి మట్టవుతుంది, అగేట్ మాత్రం అలాగే జారి ఏట్లో పడుతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ లావా మీదుగా పారే నర్మద, గోదావరి, కృష్ణ నదుల కంకరలో అగేట్ దొరకడానికీ, అమెరికాలో యెల్లోస్టోన్ నది కంకర నాచు అగేట్లకు పేరుపడడానికీ కారణం ఇదే. నేపాల్‌లోని కాళీ గండకి నది సాలగ్రామాలదీ ఇదే కథ. హిమాలయాల్లోని మెత్తని నల్ల షేల్ రాతిలో జురాసిక్ కాలపు అమ్మోనైట్ల (సుడి గవ్వ ఉండే, అంతరించిన సముద్ర జీవుల) చుట్టూ గట్టి ముద్దలు కట్టుకున్నాయి. షేల్ కరిగిపోతే ముద్దలు మిగిలి ఏట్లోకి దొర్లాయి. సాలగ్రామం లోపలి చక్రం ఆ అమ్మోనైట్ గవ్వ సుళ్లే.

ఈ తర్కాన్ని వెనక్కి నడిపిస్తే పుట్టుచోటు దొరుకుతుంది. రెండు పాయలు కలిసే చోట రెండింటి కంకరా వేరువేరుగా చూసి, కావలసిన రాయి ఏ పాయలో ఉందో ఆ పాయ పట్టుకుని పైకి పోవాలి. ఎక్కడ అది కనబడడం మానేసిందో, చివరిగా కనబడిన చోటికీ అక్కడికీ మధ్యే ఎక్కడో పుట్టిల్లు. పైకి పోయేకొద్దీ రాయి పెద్దదవుతూ, మూలలు పదునెక్కుతూ ఉంటే దారి సరైనదే. దక్షిణాఫ్రికాలో 1867లో ఆరెంజ్ నది దగ్గర తొలి వజ్రం దొరికాక జనం మొదట నదుల కంకరనే గాలించారు. వజ్రాల మూల శిలైన కింబర్‌లైట్ 1870, 71ల్లో నదికి దూరంగా పొడినేలలో బయటపడింది. ఇప్పటికీ అన్వేషకులు వజ్రానికి బదులు, దానితో పాటు పుట్టే ఎర్రని పైరోప్ గార్నెట్‌నీ, ఇల్మెనైట్ అనే నల్లని బరువైన ఖనిజాన్నీ వాగుల ఇసుకలో వెంబడిస్తారు. వజ్రం కంటే అవి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటాయి మరి.

ఎముకలకు ఈ వడపోత ఇంకా కఠినం. 1969లో మైకేల్ వూరీస్ అనే పరిశోధకుడు కృత్రిమ కాలువలో ఎముకలు వేసి ఏవి ముందు కదులుతాయో చూశాడు. పక్కటెముకలు, వెన్నుపూసలు తేలిగ్గా ముందు కొట్టుకుపోతాయి, కాళ్ల పొడుగాటి ఎముకలు మధ్యలో, పుర్రె, కింది దవడ చివర్లో. దిబ్బ మీద పళ్లూ దవడ ముక్కలూ మాత్రమే దొరుకుతున్నాయంటే తేలికవి ఎప్పుడో దిగువకు పోయాయి, మీరు నిలబడ్డది గాలింపులో మిగిలిన మట్టు మీద. అన్ని రకాల ఎముకలూ కలిసి, పదునైన అంచులతో దొరికితే విషయం వేరు. పక్కనున్న ఒడ్డు పొరలోంచి అప్పుడప్పుడే రాలుతూ ఉండొచ్చు. అలాంటి చోట తవ్వకుండా ఫొటో తీసి, నిపుణులకు చెప్పడమే పని.

పళ్లే ఎందుకు మిగులుతాయంటే, పంటి ఎనామెల్‌లో 95 శాతానికి పైగా ఖనిజమే. శరీరంలో అంత గట్టిది మరొకటి లేదు. పైగా సొరచేప జీవితమంతా పళ్లు రాల్చుకుంటూనే ఉంటుంది, ఒక్క చేపకే వేల పళ్లు. సముద్రపు అడుగున పేరుకున్న పొరను నది కోసిన ప్రతిచోటా ఆ పళ్లు కంకరలో కలుస్తాయి.

దిగే ముందు, దిగాక

సమయం: వరద తీసి, నీరు తేటపడి, ఇంకెవరూ తొక్కని వారం పది రోజులు అన్నిటికంటే మేలు. నీటిమట్టం అట్టడుగుకు చేరే ఎండాకాలం రెండోది. ఎగువన డ్యామ్ ఉంటే ఆకాశం నిర్మలంగా ఉన్నా నీరు ఉన్నట్టుండి పెరుగుతుంది, విడుదల వేళలు కనుక్కోకుండా దిగకూడదు. ఉరవడిలో నీరు మోకాలు దాటితే వెనక్కి రావాలి. ఇసుక తోడిన గుంటలు పైకి కనబడవు, కర్రతో ముందు పొడిచి చూసి అడుగు వేయాలి. కోత పడిన ఒడ్డు కింద కూర్చుని గోకడం అసలు చేయకూడని పని. ఏ చప్పుడూ లేకుండా విరిగి మీద పడుతుంది. గూళ్లు కట్టే పక్షులూ తాబేళ్లూ మేటల మీదే గుడ్లు పెడతాయి, ఆ కాలంలో పొడి ఇసుక జోలికి పోవద్దు.

అనుమతి సంగతి దేశాన్ని బట్టి, నేలను బట్టి మారుతుంది. అమెరికా ఫెడరల్ భూముల్లో 2009 చట్టం ప్రకారం వెన్నెముక జీవుల శిలాజాలను పర్మిట్ లేకుండా తీయకూడదు. ఫ్లోరిడా రాష్ట్ర భూముల్లోనూ పర్మిట్ కావాలి గాని, సొరచేప పళ్లకు మినహాయింపు ఉంది. చాలాచోట్ల నదిలోని కంకరే ప్రభుత్వ ఖనిజం, కాబట్టి పార పట్టే ముందు అడగాలి. మనిషి ఎముకలా కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి. వయసు తేల్చడం వాళ్లు పిలిపించే నిపుణుల పని.

వెలుతురును బట్టి నడిచే దిశ మారాలి. అగేట్, ఎర్రని కార్నీలియన్ లాంటి వెలుగు దూరే రాళ్లకు పొద్దు వాలిన వేళ సూర్యుడికి ఎదురుగా నడవండి, రాయి లోపల దీపం పెట్టినట్టు మెరుస్తుంది. ఎముకలకూ పళ్లకూ సూర్యుణ్ణి వీపున పెట్టుకోవాలి, ఆకారం, గీతలు, నునుపు స్పష్టంగా తెలుస్తాయి. నీళ్ల మీది తళుకును పోలరైజ్డ్ కళ్లద్దాలు తీసేస్తాయి. ఒకసారికి ఒక్కదాన్నే వెతకడం మంచిది. అన్నీ వెతికే కంటికి ఏదీ కనబడదు.

ఇసుక కింద కంకర ఉందో లేదో తెలియాలంటే మీటరున్నర పొడవు, వేలంత లావు ఇనప చువ్వ చాలు. ఇసుకలో మెత్తగా దిగుతుంది, కంకర తగిలితే కరకరమంటూ చేతికి వణుకు వస్తుంది, బంకమన్నైతే పట్టుకుని వదలదు. కరకరమన్న చోటే పార వేయాలి. గొయ్యి మోకాలి లోతు దాటనివ్వొద్దు, తడి కంకర గోడలు నిలవవు. పని అయ్యాక పూడ్చాలి.

జల్లెడలు మూడు కావాలి: 12, 6, 3 మి.మీ. కన్నులవి. పైన 12, కింద 6, అడుగున 3 పేర్చి, రెండు పారల కంకర వేసి నీళ్లలో ఆడించాలి. 12 మీద మిగిలింది చూసి పారబోయొచ్చు. 6 మీద మిగిలింది పరిచి, ఒక్కొక్కటీ తిప్పి చూడాలి. 3 మీద మిగిలిందే అసలు సరుకు, దానికి గాలింపు కావాలి.

గాలింపు అంటే బియ్యంలో రాళ్లు గాలించినట్టే, తేడా ఒక్కటే: ఇక్కడ అడుగున మిగిలిన రాళ్లే కావాలి. జల్లెడలో మూడో వంతుకు మించి నింపొద్దు. అంచు పైకి ఉండేలా నీళ్లలో ముంచి, మూడు నాలుగు సెంటీమీటర్లు పైకీ కిందికీ కుదుపుతూ, ప్రతి నాలుగైదు కుదుపులకు పావు వంతు తిప్పాలి. జల్లెడ కిందికి దిగిన ప్రతిసారీ రాళ్లన్నీ ఒక క్షణం తేలుతాయి, బరువైనవి ముందు కూర్చుంటాయి. పాతిక ముప్పై కుదుపుల తర్వాత బల్ల మీద ఒక్క ఊపున బోర్లించండి. అడుగున ఉన్నది పైకి వస్తుంది. గాలింపు కుదిరితే మధ్యలో ముదురు రంగు వలయం, కంటిపాపలా కనబడుతుంది: గార్నెట్, ఇల్మెనైట్, ఇనప గులకలు, ఉంటే నీలాలూ జిర్కాన్‌లూ. పాప కనబడలేదంటే ఆ కంకరలో బరువైనవి లేకపోవచ్చు, కానీ తప్పు గాలింపుదే అయ్యే అవకాశం ఎక్కువ.

తప్పు సాధారణంగా సైజు దగ్గర జరుగుతుంది. 3 మి.మీ. గార్నెట్‌తో సమానంగా 5.5 మి.మీ. పలుగురాయి మునుగుతుందని ముందు చూశాం. జల్లెడలో 3 నుంచి 12 మి.మీ. దాకా అన్నీ కలిపి వేస్తే పెద్ద పలుగురాళ్లు చిన్న గార్నెట్లతో పాటే కూర్చుంటాయి, ఏదీ వేరుపడదు. అందుకే అన్నిటికంటే పెద్దది చిన్నదానికి రెట్టింపుకు మించకుండా, 3 నుంచి 6 దాకా ఒక విడతగా గాలించాలి, 6 మీద మిగిలినదాన్నీ గాలించాలనుకుంటే 6 నుంచి 12 దాకా ఇంకో విడతగా. బంకమన్ను ఉండలు మిగిలిపోవడం మరో తప్పు. అవి రాళ్లను పట్టుకుని తేలుస్తాయి, ముందు చేత్తో నలిపి కడగాలి. జల్లెడ ఒక పక్కకు వాలితే పాప మధ్యలో కాకుండా అంచున చేరుతుంది.

ఎముకా, రాయా

నలుపు చూసి పాతదనుకోవడం అందరూ చేసే పొరపాటు. రంగు నీటిలోని ఇనుము, మాంగనీసుల నుంచి వస్తుంది. గాలి సోకని బురదలో పడ్డ నిన్నమొన్నటి పశువు ఎముక కూడా బొగ్గులా నల్లబడుతుంది. నాలుకకు అంటుకుంటే ఎముక అనే పాత చిట్కా నది దగ్గర రెండు విధాలా చెడుతుంది. సందులన్నీ ఖనిజంతో నిండిన శిలాజం అంటుకోదు, ఎండిన బంకరాయి మాత్రం అంటుకుంటుంది. పైగా ఏటి రాయిని నాకడం ఆరోగ్యానికీ మంచిది కాదు.

నమ్మదగింది నిర్మాణం. విరిగిన అంచును 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడండి. ఎముకకు బయట దట్టమైన గోడ, లోపల తేనెపట్టు లాంటి స్పాంజి అల్లిక ఉంటాయి. రాయిలో కన్నాలున్నా ఇలా గోడ, లోపలి అల్లిక అన్న తేడా ఉండదు. శిలాజాన్ని రాతికి తట్టితే పింగాణీలా ఖణేల్‌మంటుంది, కొత్త ఎముక మొద్దుగా పలుకుతుంది. ఇంకా అనుమానముంటే కనబడని మూల ఎర్రగా కాల్చిన సూది తాకించాలి. వెంట్రుక కాలిన వాసన వస్తే లోపల కొల్లాజెన్ అనే ఎముక ప్రొటీన్ మిగిలే ఉంది, పెద్ద పాతది కాదు. రంపం కోత గుర్తులుంటే కసాయి కొట్టు నుంచి వచ్చిందే.

పళ్లలో గుర్రానిది చదరపు స్తంభంలా నిటారుగా ఉంటుంది, నమిలే ముఖం మీద ఎనామెల్ గీత మడతలు మడతలుగా తిరుగుతుంది. పశువు పంటి ముఖం మీద నెలవంకలు జంటలుగా కనబడతాయి. ఏనుగు జాతి నమిలే పన్ను పలకలు నిలువుగా పేర్చినట్టుంటుంది. ఊడిపోయిన ఒక్క పలకను చాలామంది గవ్వ ముక్క అనుకుని పారేస్తారు. తాబేటి చిప్ప ముక్కకు ఒక పక్క రంపపు పళ్ల లాంటి అతుకు అంచు ఉంటుంది.

శిలగా మారిన చెక్కను రంగు పట్టీలు చూసి గుర్తుపట్టకూడదు. ఇసుకరాయిలో ఇనుము ఊరి ఏర్పడే పట్టీలు అచ్చం చెక్కలా ఉంటాయి. అడ్డకోతలో వలయాలకు అడ్డంగా కేంద్రం నుంచి బయటికి సాగే సన్నని గీతలు కనిపిస్తే చెక్కే. ఇక రాతి పలక మీద ఫెర్న్ ఆకులా విప్పారిన నల్లని చిత్రం దాదాపు ఎప్పుడూ మాంగనీసు ఆక్సైడే, అది పగులు వెంట పాకుతుంది, దానికి ఆకు ఈనె ఉండదు. గుండ్రని రాయిని డైనోసార్ గుడ్డు అనేవాళ్లకు కొదవ లేదు. నిజమైన పెంకు కొద్ది మిల్లీమీటర్ల మందంలో లోపలి రాతికి వేరుగా, సూది మొన సందులతో ఉంటుంది. అది లేకపోతే మామూలు ఖనిజపు ముద్ద. బుడగలతో బరువైన నల్ల ముక్క ఉల్క కాదు, కొలిమి చిట్టెం.

ఎర్రరాయి గార్నెట్టా, గాజా అన్నది తూకంతో తేలుతుంది. 0.01 గ్రాముల దాకా చూపే త్రాసు తీసుకుని రాయిని తూచండి, 8.00 గ్రాములు వచ్చిందనుకుందాం. తర్వాత త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో కట్టి అడుగూ అంచూ తాకకుండా నీళ్లలో వేలాడదీయండి. త్రాసు చూపేది రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. అది 2.00 గ్రాములైతే 8ని 2తో భాగించగా 4, గార్నెట్ కావొచ్చు. 3.02 అయితే 2.65, కార్నీలియన్ లేదా పలుగురాయి. 3.2 వస్తే 2.5, గాజు. గాలి బుడగ రాయిని పట్టుకుంటే అంకె తప్పుతుంది, నీళ్లలో ఒక చుక్క సబ్బు కలిపితే పోతుంది. వంటింటి త్రాసు మీద రెండు గ్రాముల రాయిని పరీక్షించి తీర్పు చెప్పడం వృథా.

పక్కపక్కన దొరికినవి చుట్టాలు కావు

ఫ్లోరిడాలోని పీస్ నదిలో ఒకే పార కంకరలో మెగలోడాన్ సొరచేప పన్నూ, అంతరించిన ఏనుగు జాతి మామత్ పంటి పలకా దొరుకుతాయి. మెగలోడాన్ అంతరించి 30 లక్షల ఏళ్లు దాటింది. మామత్‌లు అక్కడ తిరిగింది మంచుయుగంలో. సముద్రం అడుగు పొరనూ, నేల మీది పొరనూ నది వేర్వేరుగా కోసి ఒకేచోట దింపింది, అంతే. కంకరలో ఇరుగుపొరుగు అన్నదానికి సాక్ష్యం విలువ లేదు.

ఈ బలహీనతను వాడుకునే పిల్ట్‌డౌన్ మోసం సాగింది. 1912లో ఇంగ్లండ్‌లోని ఒక కంకర గుంటలో మనిషి పుర్రె ముక్కలూ కోతి లాంటి దవడా కలిసి దొరికాయనీ, అది తొలి మనిషి అనీ ప్రకటించారు. పాత జంతువుల పళ్లు కూడా అదే కంకరలో ఉండడం వయసుకు రుజువుగా చెల్లుబాటైంది. భూగర్భ జలాల్లోని ఫ్లోరిన్‌ను ఎముక మెల్లగా పీల్చుకుంటుంది, ఒకేచోట ఒకే కాలం ఉన్న ఎముకల్లో అది దగ్గరగా ఉండాలి. 1949లో కెన్నెత్ ఓక్లీ ఆ పరీక్ష చేస్తే పుర్రె, దవడ రెండూ అంత పాతవి కావని తేలింది. 1953లో మోసం పూర్తిగా బయటపడింది. దవడ ఒరాంగుటాన్‌ది, పళ్లు అరగదీసినవి, రంగు పూసినవి.

మోసం లేకపోయినా చిక్కు ఉంటుంది. 1982లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ (జి.ఎస్.ఐ.) శాస్త్రవేత్త అరుణ్ సొనాకియా నర్మద ఒడ్డున హథ్నోరా దగ్గర కంకర పొరలో ప్రాచీన మానవుడి పుర్రె పైకప్పును కనుగొన్నారు. భారతదేశంలో ఇంత ముఖ్యమైన మానవ శిలాజం అరుదు. అయినా దాని వయసు మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. కంకర వయసూ అందులో దిగిన ఎముక వయసూ ఒకటేనని ఎవరూ హామీ ఇవ్వలేరు గదా. దీనికి ఎదురు ఉదాహరణ థేమ్స్ కంకరలోని స్వాన్స్‌కోంబ్. సుమారు 4 లక్షల ఏళ్ల నాటి ఒకే పుర్రె మూడు ముక్కలు 1935లో, 1936లో, 1955లో దొరికి ఒకదానికొకటి అతికాయి. మొదటి ముక్క దొరికిన ఇరవై ఏళ్ల తర్వాత దొరికిన మూడోది కూడా దాని జత అయింది. అంతకుముందు 1859లో ఫ్రాన్స్‌లోని సోమ్ నది కంకరలో అంతరించిన జంతువుల ఎముకలున్న పొరలో ఉన్న రాతి గొడ్డలిని, తీయకముందే పొరలో ఉండగానే ఫొటో తీయడం వల్లే మనిషి పాతదనం మీద వాదన మలుపు తిరిగింది.

అందుకే చేతికందిన వస్తువు మీద నది ఇంకా చెరపని ఆనవాళ్లేమైనా ఉన్నాయా అని చూడాలి. ఎముక బోలులో, పంటి మడతల్లో బిగుసుకున్న మట్టి లేదా ఇసుకరాయి ముద్ద అన్నిటికంటే విలువైంది. అది ఆ ఎముక మొదట పూడిన పొర ముక్క. దిబ్బ ఇసుకతో పోలిస్తే రంగులో, రేణువులో తేడా ఉంటుంది. ఒడ్డున ఏ పొరతో అది సరిపోతుందో చూస్తే పుట్టిల్లు దొరకొచ్చు. కొత్తవాళ్లు ముందు చేసేది దాన్ని టూత్‌బ్రష్‌తో తోమి పారేయడం! తర్వాత అంచులు. అన్ని అంచులూ అరిగి ఒక్క విరుపు పదునుగా ఉంటే అది ఈ వరదలోనే విరిగింది, మిగతా సగం కొద్ది మీటర్ల దూరంలో ఉండొచ్చు.

రాసుకోవలసినవి: ఫోన్ చూపే అక్షాంశ రేఖాంశాలు, తేదీ, మేట తల దగ్గరా తోక దగ్గరా, పైన దొరికిందా కవచం కిందా, ఎంత లోతున, చుట్టూ కంకర సైజు ఎంత. తీయక ముందు స్కేలు పక్కన పెట్టి ఒక ఫొటో.

తడి ఎముకను ఎండలో పెడితే బయటిది ముందు ఆరి ముడుచుకుని నిలువునా చీలుతుంది. తడి గుడ్డలో చుట్టి తెచ్చి, మంచినీళ్లలో రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, తర్వాత కాగితంలో వదులుగా చుట్టి నీడలో వారాల తరబడి ఆరనివ్వాలి. ఏనుగు దంతమైతే సొంతంగా ఆరబెట్టే ప్రయత్నమే వద్దు. ఉల్లిపొరల్లా విడిపోతుంది, తడిగా ఉంచి మ్యూజియం వాళ్లకు అప్పగించాలి. పూర్తిగా ఆరాక పొడి రాలుతుంటే అసిటోన్‌లో 5 నుంచి 10 శాతం కరిగించిన పారలాయిడ్ బి-72 (మ్యూజియాలు వాడే పారదర్శకమైన యాక్రిలిక్ రెజిన్) పూత పనికొస్తుంది, అవసరమైతే మళ్లీ అసిటోన్‌తోనే తీసేయవచ్చు. తడి ఉండగా పూస్తే తెల్లగా పొక్కుతుంది. వార్నిష్ పూస్తే తర్వాత పరీక్షలు చేయడం కష్టమవుతుంది. నంబరు వేసేటప్పుడు నేరుగా ఎముక మీద రాయకుండా, కనబడని పక్క చిటికెన వేలి గోరంత మేర అదే పూత వేసి, ఆరాక నల్ల ఇంకుతో రాసి, పైన మరో పూత వేయాలి. అదే నంబరు నోటు పుస్తకంలోనూ ఉండాలి.